చదవకుండా సంతకం పెట్టాను, ఫోన్ తెరిచి ఇచ్చాను... ఇప్పుడు నా ఉద్యోగం సంగతేంటి?

ప్రశ్న

పేరు రాయవద్దంటూ ఒక అమ్మాయి ఆరు పేజీల ఉత్తరం పంపింది. వయసు ఇరవై ఆరు. సొంతూరు నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. నాన్న ఆర్టీసీ కండక్టర్, అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. నాలుగేళ్లుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతోంది. పోయిన నెల పోస్టులు పెంచాలంటూ ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో ధర్నా జరిగితే రూమ్మేట్లతో కలిసి వెళ్లింది. ధర్నాకు వెళ్లడం అదే మొదటిసారి. అనుమతి ఉన్న ధర్నాయే. మధ్యాహ్నం మూడింటికి ఎవరో ర్యాలీ అన్నారు, అందరూ లేచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు నడిచారు. కాసేపటికే పోలీసులు ఆపి, డీసీఎం వ్యాన్ ఎక్కించి ఒక స్టేషన్‌కు తీసుకెళ్లారు.

తర్వాత జరిగింది ఆమె మాటల్లోనే: "మమ్మల్ని గోడ పక్కన వరసగా నిలబెట్టి ట్యాబ్‌తో ఒక్కొక్కరి ఫొటో తీశారు. ఒక కానిస్టేబుల్ నా ఫోన్ తెరవమన్నాడు. చేతులు వణికాయి మేడమ్, వేలు పెట్టేశాను. వాట్సాప్‌లో మా గ్రూపు తెరిచి, మెంబర్ల నంబర్లు ఒక్కొక్కటే పైకి జరుపుతూ తన ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాడు. ఆ గ్రూపులో తొమ్మిది వందల మంది ఉన్నారు. రాత్రి ఎనిమిదిన్నరకు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేశారు. ఏముందో చదవలేదు."

కేసు పెట్టారో లేదో తెలియదు. ఉద్యోగం వస్తే వెరిఫికేషన్‌లో పోతుందేమోనని నిద్ర లేదు. ఆరు దాటాక ఆడపిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదంటారు కదా అని అడుగుతోంది. సిమ్ మార్చెయ్, వాట్సాప్ తీసెయ్ అంటున్నాడు బావ. యూట్యూబ్‌లో వీడియో చూసి ఊళ్లో బాబాయి ఫోన్ చేశాడు. నాన్నకు ఇంకా తెలియదు. వచ్చే సోమవారం మళ్లీ ధర్నా ఉంది. "వెళ్లకపోతే పిరికిదాన్నవుతా. వెళ్తే నాన్న నాలుగేళ్ల కష్టాన్ని బూడిదలో పోసినదాన్నవుతా" అని ఉత్తరం ముగించింది.

జవాబు

అమ్మా, నాకు నీ ఈడు కూతురుంది, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. ఇరవై ఏడేళ్లుగా సిటీ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తున్నాను. ధర్నాకు వెళ్లడం తప్పేమీ కాదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణ ఇచ్చింది. నువ్వు కూర్చున్న ఆ ధర్నా చౌక్ కూడా కొట్లాడి నిలబెట్టుకున్నదే. 2017లో దాన్ని అక్కణ్నుంచి తీసేయాలని చూస్తే జనం ఎదురు తిరిగారు. 2018లో హైకోర్టు జోక్యం చేసుకున్నాకే అక్కడ మళ్లీ టెంట్లు లేచాయి.

కేసు, ఉద్యోగం, ఫోన్, నాన్న, అన్నీ కలిపి ఒకే ముద్ద చేసుకుని భయపడుతున్నావు. విడదీసి చూస్తే చాలావరకు నువ్వనుకున్నంత పెద్దవి కావు. నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేసిన ఆ సంతకం మాత్రం అసలు విషయం. నీ ప్రశ్నల్లో సగానికి జవాబు ఆ కాగితంలోనే ఉంది.

అది మూడింటిలో ఒకటై ఉంటుంది. మొదటిది సొంత పూచీకత్తు. ర్యాలీ దగ్గర పట్టుకుని సాయంత్రం వదిలేసేటప్పుడు పేరు, తండ్రి పేరు, అడ్రసు రాసి, పిలిస్తే వస్తానని తీసుకునే కాగితం. నీది ఇదే అయ్యుండే అవకాశం ఎక్కువ. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 151వ సెక్షన్ కింద, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 170వ సెక్షన్ కింద చేసే ముందస్తు అరెస్టు ఇలాగే ముగుస్తుంది. కొత్త చట్టంలోని 172వ సెక్షన్ కింద కూడా, పోలీసులు చెప్పినట్టు వినలేదని అదుపులోకి తీసుకుని 24 గంటల్లోపు పంపేయొచ్చు. రెండోది స్టేట్‌మెంట్. అదైతే నీ సంతకమే అక్కర్లేదు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. మూడోది బైండోవర్. ఏడాది దాకా శాంతికి భంగం కలిగించనని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు రాసిచ్చే బాండు. నిన్ను ఏ మేజిస్ట్రేట్ ముందుకీ తీసుకెళ్లలేదు కాబట్టి ఇది కాదనే అనిపిస్తోంది. ఒకవేళ అదే అయితే సోమవారం నిర్ణయం మారిపోతుంది. బాండు ఉండగా మళ్లీ గొడవలో దొరికితే దాంట్లో రాసిన సొమ్ము కట్టాల్సి వస్తుంది, ఇంకా ఇబ్బందులూ రావొచ్చు.

ఎలా తెలుసుకోవాలి? నువ్వే స్టేషన్‌కు వెళ్లి అడగొచ్చు. తేలిగ్గా పనవుతుంది, కానీ ఒంటరిగా వెళ్తే మళ్లీ కూర్చోబెట్టి ఎవరు పిలిచారు, ఎవరు నడిపిస్తున్నారు అని అడుగుతారు. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, సోమవారానికి మాత్రం అందదు. లాయర్‌ను పంపడం అన్నిటికంటే మేలు. డబ్బుల్లేవంటావేమో. న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి. 15100కు ఫోన్ చెయ్, లేదా సిటీ సివిల్ కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లు. ఈ వారంలోనే వెళ్లు.

ఇక కేసు. రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఐఆర్‌లు పెడతారు. సున్నితమైనవి తప్ప మిగతావన్నీ పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తేదీ, ఆ స్టేషన్ కొట్టి చూడు. నీ పేరు లేదని అక్కడే ఆగిపోవద్దు. ఇలాంటి ఎఫ్‌ఐఆర్‌లలో నలుగురైదుగురు నాయకుల పేర్లు రాసి 'మరికొందరు' అని వదిలేస్తారు, ఫొటోలు చూసి తర్వాత చేరుస్తారు. నెల తర్వాత ఇంకోసారి చూడు. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ యాప్‌లో నీ పేరుతో వెతుకు. ఉత్తర్వులు ఉల్లంఘించారన్న ఒక్క ఆరోపణే ఉంటే ఎఫ్‌ఐఆర్‌తో పని జరగదు. ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేయాలి. అది లేకనే ఎన్నో కేసులు హైకోర్టులో కొట్టుడుపోయాయి.

ఈ ఒక్క మాట మాత్రం కాగితం మీద రాసి గోడకు అంటించుకో. ఎప్పుడైనా సమన్లు వస్తే కోర్టు బయట ఎవరో ఒకరు చెవిలో చెబుతారు: "ఐదు వందలు ఫైన్ కట్టెయ్, తప్పు ఒప్పుకో, ఇవాళ్టితో అయిపోద్ది." ఒప్పుకోవద్దు. తప్పు ఒప్పుకుని ఫైన్ కడితే అది శిక్షే. ఎంత చిన్నదైనా రికార్డులో శిక్ష పడినట్టే ఉంటుంది. కొట్టేసే అవకాశమున్న కేసును ఒక్క పూట బద్ధకానికి శిక్షగా మార్చుకున్న పిల్లల్ని చూశాను. సర్కారు కొలువు కోసం చదివేవాళ్లకు ఆ ఐదు వందలు చాలా ఖరీదైనవి.

ఉద్యోగం సంగతి. ఎంపికయ్యాక మన వివరాలు నింపి ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో ప్రశ్నను అక్షరం అక్షరం చదవాలి. 'కేసు ఉందా' అని అడగడం వేరు, 'ఎప్పుడైనా అరెస్టయ్యారా, నిర్బంధంలో ఉన్నారా' అని అడగడం వేరు. రెండోది అడిగితే ఆ సాయంత్రం గురించి రాయాల్సిందే. తేదీ, స్టేషన్, ఎన్ని గంటలు, కేసు నమోదు కాలేదు, అని నాలుగు ముక్కలు రాసెయ్. దాచితే ఏమవుతుందంటే, వెరిఫికేషన్‌కు వచ్చినవాళ్లు స్టేషన్ రికార్డు చూస్తారు. ధర్నాకు వెళ్లావన్న దానికంటే అబద్ధం చెప్పావన్నదే పెద్దదైపోతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ ఈ విషయాన్ని వివరంగా చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసుల్లో, దాచినా సరే, అధికారులు దాన్ని పక్కన పెట్టవచ్చంది. నినాదాల మాట ఆ తీర్పులోనే ఉంది. నిజం చెప్పిన మనిషిని కూడా తప్పనిసరిగా తీసుకోవాలని లేదు, పోస్టును బట్టి చూస్తారు. అందుకే గ్యారంటీ ఇవ్వలేను. అయితే ముందస్తు అరెస్టు ఒక్కదాని వల్ల నాలుగేళ్ల చదువు పోతుందన్న భయానికి ఆధారం లేదు.

ఆరు గంటల సంగతి చాలామంది నీలాగే అనుకుంటారు. చట్టం చెప్పింది సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదని, తప్పనిసరైతే మహిళా పోలీసు ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలని. నిన్ను మూడింటికే తీసుకెళ్లారు కాబట్టి ఆ నియమం నీకు వర్తించదు. నిన్ను ఫలానా చోట ఉంచామని మీ ఇంట్లోవాళ్లకో ఫ్రెండుకో చెప్పకపోవడం, ఎందుకు తీసుకెళ్తున్నారో చెప్పకపోవడం, అవి మాత్రం తప్పు. అరెస్టు చేసేటప్పుడు పోలీసులు ఏం పాటించాలో చెప్పిన 1996 డీకే బసు తీర్పు నుంచి ఇప్పటి చట్టం దాకా ఇది స్పష్టంగా ఉంది. ఒక నోటుబుక్ తీసుకుని ఆ రోజు జరిగినదంతా గంటల వారీగా రాసుకో. డీసీఎం ఎక్కించిందెవరు, మహిళా పోలీసు ఉందా, ఫోన్ అడిగిన కానిస్టేబుల్ ఛాతీ మీద పేరు బిళ్ల ఉందా. జ్ఞాపకం మసకబారకముందే రాయి.

ఇప్పుడు ఫొటో, ఫోన్. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఈ రెండే.

అరెస్టయినవాళ్ల ఫొటోలు, వేలిముద్రలు తీసుకోవడానికి 2022లో కొత్త చట్టం వచ్చింది. ఆ రికార్డును 75 ఏళ్లు దాచవచ్చు. ఇది వింటే ఎవరికైనా గుండె జారుతుంది. అయితే అదే ఏడాది వచ్చిన నియమాల్లో చాలామందికి తెలియని ఒక మినహాయింపు ఉంది. నిషేధాజ్ఞలు ఉల్లంఘించారనో, పాత 151వ సెక్షన్ కిందనో మాత్రమే పట్టుకున్నవాళ్ల నుంచి చట్టం 'కొలతలు' అని పిలిచే ఈ వివరాలేవీ తీసుకోకూడదు. వేరే నేరంలో కేసో అరెస్టో ఉంటేనే తీసుకోవాలి. ఆ కొలతల జాబితాలో ఫొటో కూడా ఉంది. అంటే నీ మీద వేరే కేసు లేకపోతే, గోడ పక్కన నిలబెట్టి తీసిన ఆ ఫొటోకు ఆధారమేంటని అడిగే హక్కు నీకుంది. కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయొచ్చు: ఏ చట్టం కింద తీశారు, ఎక్కడ దాచారు, తొలగించండి అని. జవాబు వస్తుందని చెప్పలేను. కానీ రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఆ పోస్టు రసీదే నీ చేతిలో మొదటి కాగితం. ఇప్పుడే అందరి దృష్టిలో పడొద్దనుకుంటే, కేసు ఉందో లేదో తేలాక రాయి. మన దగ్గర 2018 నుంచే పోలీసు యాప్‌లో ముఖాలు పోల్చే ఏర్పాటు ఉంది. దాన్ని సవాలు చేస్తూ ఒక సామాజిక కార్యకర్త వేసిన పిటిషన్ మీద 2022లో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. నీ భయం ఊహ కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫోన్. చట్టప్రకారం దర్యాప్తు నడుస్తుంటే స్టేషన్ అధికారి రాతపూర్వకంగా అడగాలి, లేదా కారణాలు రాసుకుని సోదా చేయాలి. కేసే లేనప్పుడు ఒక కానిస్టేబుల్ "తెరువు" అనడం అడగడమే, ఉత్తర్వు కాదు. "సార్, కాగితం మీద ఇవ్వండి, లాయర్‌తో మాట్లాడాక చూపిస్తా" అనొచ్చు. చెప్పడం తేలికే. సాయంత్రం ఐదింటికి, చుట్టూ ఖాకీ బట్టలు, నువ్వొక్కదానివి, నోరు పెగలకపోవడంలో నీ తప్పు లేదు. అలా అంటే ఫోన్ లాక్కోవచ్చు కూడా. లాక్కుంటే స్వాధీనం చేసుకున్నట్టు పంచనామా కాపీ అడగాలి. లాక్ వేసి ఉన్న ఫోన్ పోవడం వేరు, తెరిచిన ఫోన్ చేతిలో పెట్టడం వేరు.

ఇక్కడొక న్యాయసూక్ష్మం ఉంది, పనికొచ్చేది. నిందితుడి చేత తన మీద తనకే సాక్ష్యం చెప్పించకూడదని 20వ అధికరణ అంటుంది. 1961లో సుప్రీంకోర్టు వేలిముద్ర ఈ రక్షణలోకి రాదంది. 2010లో సెల్వి కేసులో మాత్రం మనసులో ఉన్నదాన్ని బలవంతంగా బయటికి లాగకూడదంది. పిన్ నంబరు మనసులో ఉంటుంది, వేలు బయటే ఉంటుంది. పిన్ చెప్పమని బలవంతం చేయొచ్చా అన్నదానిపై కోర్టులు ఇంకా ఒకే మాట మీద లేవు. అయినా ఆ కాస్త తేడా కోసమే చెబుతున్నా, ధర్నాకు వెళ్లే ముందు వేలిముద్ర, ఫేస్ అన్‌లాక్ రెండూ తీసేసి ఆరంకెల పిన్ పెట్టుకో. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చెయ్. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా పెట్టుకో.

నీకు కష్టమైన మాట ఇప్పుడు. ఆ తొమ్మిది వందల మందికి నువ్వు చెప్పాలి. చెప్పకపోతే నీ మీదకు ఏ నిందా రాకపోవచ్చు. కానీ వాళ్లలో ఎవరికో రేపు ఫోన్ వస్తే ఎందుకు వచ్చిందో తెలియక కంగారుపడతారు. గ్రూపు అడ్మిన్‌కు జరిగింది జరిగినట్టు చెప్పు. ఆ గ్రూపులో నువ్వు కాకపోతే ఇంకొకరి చేతి నుంచి నంబర్లు బయటికి వెళ్లేవి. తొమ్మిది వందల మంది ఒకే గ్రూపులో, ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించేలా ఉండటమే అసలు లోపం. కబుర్లు అందరికీ చేర్చడానికి నంబర్లు కనిపించని ఛానల్ పెట్టుకోండి, పని చేసే పదిమందికి వేరే చిన్న గ్రూపు, దాంట్లో మెసేజ్‌లు వారానికి వాటంతట అవే పోయేలా. ధర్నా టెంటు కింద రిజిస్టర్ పెట్టి అందరి పేర్లు, ఫోన్ నంబర్లు, ఊళ్లు రాయించుకుంటారు చూడు, అదీ ఆపమని చెప్పు. మీ బాబాయి చూసిన వీడియో తీసిందీ పోలీసులు కాదు. పక్కనున్నవాళ్ల ముఖాలు కనపడకుండా వెనక నుంచి తీయమని మనవాళ్లకే చెప్పుకోవాలి.

బావ చెప్పినట్టు సిమ్ మార్చకు. కొత్త సిమ్ కూడా నీ ఆధార్‌తోనే వస్తుంది, దాక్కున్నదేమీ ఉండదు. పైగా పరీక్ష దరఖాస్తులో ఇచ్చిన నంబరు పాతది, ఓటీపీలు దానికే వస్తాయి. వాట్సాప్ తుడిచేయడం కూడా కేసు ఉందో లేదో తేలాకే. కేసు ఉందని తెలిసి చాట్లు చెరిపేస్తే సాక్ష్యం మాయం చేశావన్న ఇంకో ఆరోపణ మెడకు చుట్టుకుంటుంది.

సోమవారం. నీ ముందు రెండు దార్లే ఉన్నాయనుకుంటున్నావు, నాకు ఇంకా కనిపిస్తున్నాయి. వెళ్లి, అనుమతి ఉన్న చోట, అనుమతి ఉన్న టైమ్ దాకా కూర్చుని, ర్యాలీ అనగానే హాస్టల్‌కు వచ్చెయ్యొచ్చు. పోయినసారి పోలీసులకు పట్టు దొరికింది మీరు చౌక్ దాటి రోడ్డెక్కాకే. కేటాయించిన చోట నిరసన హక్కని 2018లో చెప్పిన సుప్రీంకోర్టే, 2020లో రోడ్లను అదేపనిగా ఆక్రమించుకోవడం కుదరదంది. ఈ దారిలో కూడా పూర్తి భద్రత లేదు, కూర్చున్నవాళ్లను ఎత్తుకెళ్లిన రోజులూ ఉన్నాయి. ర్యాలీలోనూ నడవాలనుకుంటే మళ్లీ డీసీఎం ఎక్కుతానని తెలిసే నడువు. లేదా వెళ్లకుండా హాస్టల్లో ఉండి లాయర్ నంబరు చేతిలో పెట్టుకుని, ఎవరెవర్ని ఏ స్టేషన్‌కు తీసుకెళ్లారో రాసుకుని వాళ్ల ఇళ్లకు ఫోన్లు చేసే మనిషివి అవ్వొచ్చు. పోయిన నెల ఆ మనిషి ఉండి ఉంటే, మీ కబురు బయటికి తెలిసేది. ఆ పని చేసేవాళ్లను పిరికివాళ్లని ఎవరూ అనరు. బైండోవర్ అని తేలితే మాత్రం ఈ మూడో దారి ఒక్కటే పట్టుకో. ఆ లోపు కాగితం సంగతి తేలకపోయినా ఇదే మంచిదని నా అభిప్రాయం.

వెళ్తే మాత్రం ఒరిజినల్ సర్టిఫికెట్లు, హాల్‌టికెట్ బ్యాగులో పెట్టుకోకు, ఐడీ కార్డు జిరాక్స్ చాలు. లాయర్ నంబరు మోచేతి లోపల బాల్‌పెన్‌తో రాసుకో, ఫోన్ పోతే అదే దిక్కు. ప్యాడ్లు, మాత్రలు, నీళ్లు. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు దుమ్ముకూ ఎండకూ కట్టుకున్నట్టు స్కార్ఫ్ కట్టుకోవచ్చు, కానీ అది కెమెరాను పూర్తిగా ఆపుతుందనుకోకు. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. రాసి ఉన్నదైతే చదివి, కింద మిగిలిన ఖాళీని గీత కొట్టి, తేదీ, టైమ్ వేసి పెట్టు. చదవనివ్వకపోతే 'చదవనివ్వలేదు' అని రాసే సంతకం చెయ్. ఎవరైనా ఫోన్ చేసి స్టేషన్‌కు రమ్మంటే నోటీసు పంపమను. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను ఇంటి దగ్గరే విచారించాలి. నిందితురాలిగా నోటీసు వస్తే మాత్రం తప్పించుకోకూడదు, లాయర్‌తో వెళ్లాలి.

నాన్న దగ్గర దాయడం మాత్రం నాకు నచ్చలేదు. బాబాయికి తెలిసిందంటే ఊళ్లో టీ కొట్టు దాకా వచ్చేసినట్టే. వేరేవాళ్ల నోటి నుంచి వింటే ఆయనకు కనిపించేది డీసీఎంలో కూతురు ఒక్కటే. నువ్వు చెబితే మొత్తం వింటాడు. 2019 ఆర్టీసీ సమ్మె యాభై రోజులు దాటింది. కండక్టర్ ఇల్లు, ఆ రోజుల్లో మీ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో నువ్వు రాయలేదు, కానీ మీ నాన్నకు గుర్తుండే ఉంటుంది. ధర్నా అంటే ఏంటో ఆయనకు నువ్వు కొత్తగా చెప్పక్కర్లేదు. తిడతాడేమో, తిట్టనీ. ఫోన్లో కాదు, శనివారం బస్సెక్కి వెళ్లు. నోటుబుక్ వెంట తీసుకెళ్లి ఆయన ముందు పెట్టు, లాయర్ ఏం చెప్పారో కూడా చెప్పు.

ఆ కాగితంలో ఏముందో తెలిశాక నాకు మళ్లీ రాయి.